ఏ యేటి బండి? - వాడినమోటారును కొనుటకు ముందు

పాడిగేదెను కొనదలచిన ఇల్లాలు దాని మేని నిగనిగను జూచి బేరమాడదు. పండ్లు చూచును, ఎన్నవ ఈతయో అడుగును, పొదుగు తడవి చూచును, తన్నుగొట్టుదగునో కాదో పొరుగువారివలన తెలిసికొనును, ఒకపూట పాలు పిదికించి కన్నులార చూచినగాని కొంగుముడి విప్పదు. ఇంతటి నేర్పుగల మన ఇండ్లలోనే, గేదెవెలకు పదింతలు పోసి వాడినమోటారుబండిని కొనునప్పుడు మాత్రము రంగు బాగున్నదా, పీఠములు మెత్తగానున్నవా, పాటలపెట్టె మ్రోగుచున్నదా అను మూడుప్రశ్నలతో బేరము ముగియుచున్నది. బండికిని పండ్లు గలవు, ఈతలు గలవు, తన్నుగొట్టుతనమును గలదు. వానిని కనుగొను విధమును సోదరీమణులకు విన్నవింపదలచితిని.

డాలసు, హ్యూస్టను, న్యూజెర్సీ ప్రాంతములందు కాపురమున్న మన తెలుగు కుటుంబములు పెక్కు మొదట కొనుక్కొనునది వాడినబండియే. బిడ్డ పుట్టినప్పుడో, అత్తమామలు ఆరునెలలుండుటకు వచ్చినప్పుడో చిన్నబండి చాలదని తోచును. మూడువరుసల పీఠములుగల ఎత్తైన బండి కావలెనందురు. అట్టిబండ్లకు ఆదేశమున ఎస్.యు.వి. అని పేరు. వానిలో చాలకాలము అందఱికంటె నెక్కువగా అమ్ముడుపోయినది ఫోర్డువారి ఎక్స్‌ప్లోరరు. ముప్పదియేండ్లకు పైబడిన దీని చరిత్రయందు మంచియేండ్లును, చెడ్డయేండ్లును, మంచియో చెడ్డయో తేలక మిగిలిన యేండ్లును ఉన్నవి కావున దీనినే ఉదాహరణముగా గైకొంటిని. పేరొక్కటేయైనను 1995 నాటి ఎక్స్‌ప్లోరరును, 2015 నాటిదియు, 2020 నాటిదియు మూడు వేఱువేఱు బండ్లు. అమ్మువాడు చెప్పునది పేరు; మనము అడుగవలసినది యేడు.

ఇక్కడ యేడనగా పంచాంగమునందలి సంవత్సరముకాదు. తయారుచేయువారు శరదృతువునకే రాబోవుయేటి పేరుతో బండ్లను అంగడికి పంపుదురు. ఎక్స్‌ప్లోరరు 1990లో వెలువడియు 1991 మోడలనియే పిలువబడినది. బండి సంఖ్యలో 17 అక్షరములును అంకెలును ఉండును. అందు పదవది ఈ మోడలు సంవత్సరమునకు గుర్తు. బి అన్నచో 2011, సి అన్నచో 2012, ఎల్ అన్నచో 2020. అంకెలతో పొరపాటుపడకుండుటకై ఐ, ఓ, క్యూ అను అక్షరములను వాడరు. ముప్పదియేండ్లకొకమారు అక్షరములు మరల మొదటికివచ్చును గనుక ఎమ్ అను అక్షరము 1991కిని 2021కిని గూడ చెల్లును. ఆ రెండిటిని కంటితో చూచి గుర్తింపలేనివారుండరు లెండు.

అమెరికాలో 1966వ సంవత్సరపు చట్టము ననుసరించి మోటారుబండ్ల భద్రతను విచారించు ప్రభుత్వశాఖ యేర్పడినది. దానిని నేడు ఎన్.హెచ్.టి.ఎస్.ఏ. అందురు. బండి కొన్న ఏ మనుష్యుడైనను, ఏ మనుష్యురాలైనను తనబండియందు కనిపించిన భయంకరదోషమును ఈశాఖకు వ్రాసికొనవచ్చును. వ్రాసినవారి పేరును చిరునామాయు మఱుగుపఱచి ఆ ఫిర్యాదును శాఖవారు అందఱికిని చూపుదురు. ఒకేవిధమైన ఫిర్యాదులు కుప్పపడినచో శాఖయందలి దోషపరిశోధకులు మొదట ప్రాథమికవిచారణయు, తరువాత యంత్రశాస్త్రరీత్యా లోతైన పరీక్షయు చేయుదురు. దోషము ప్రాణాపాయకరమని తేలినచో తయారుచేసినవారు ఆ బండ్లను వెనుకకు పిలిచి మూల్యము లేకయే బాగుచేసి ఈయవలెను. దీనికే రీకాలని పేరు. సంస్థలు విచారణవఱకు ఆగక తమంతతామే రీకాలు చేయుటయు కద్దు.

ఫిర్యాదు రోగి చెప్పుకొను బాధ. రీకాలు వైద్యుడు నిర్ణయించిన రోగము. బాధ చెప్పినంతమాత్రమున రోగమున్నదని కాదు. వైద్యుడింకను పేరు పెట్టనంతమాత్రమున బాధ అబద్ధమనియు కాదు. ఎక్స్‌ప్లోరరు కథయం దీ రెండునుగూడ జరిగినవి.

మొదటి రెండుతరముల బండి, అనగా 1991 మొదలు 2001 వఱకు వచ్చినది, సరకులు మోయు రేంజరు అను చిన్నలారీ చట్రముమీద కట్టబడినది. ఎత్తెక్కువ, వెడల్పు తక్కువ. వేగముగాపోవుచు హఠాత్తుగా త్రిప్పినచో పొర్లిపోవు గుణము ఇట్టి బండ్ల కన్నిటికిని కొంత గలదు. అంగడికి రాకముందే పరీక్షలలో ఈ విషయము ఫోర్డు యంత్రకారులకు తెలియవచ్చినది. చట్రమును వెడల్పుచేయుటకు కాలమును ధనమును పట్టును. అందుచేత టైర్లలోని గాలియొత్తిడిని చదరపు అంగుళమునకు 26 పౌండ్లకు తగ్గించుడని చెప్పి ఊరకుండిరి. టైర్లవారు మాత్రము 30 పౌండ్లు ఉండవలెననిరి. గాలి తక్కువైనప్పుడు టైరు ప్రక్కలు ఎక్కువగా వంగును. వంగుటచేత వేడి పుట్టును. ఎండదేశములో, నిండుబరువుతో, వేగముగా గంటలకొలది పోవునప్పుడు ఆవేడికి టైరులోని ఉక్కుతీగెల పట్టీలనుండి పైతొడుగు ఊడివచ్చును. వెనుకటైరు తొడుగు ఊడిన బండి ఒకప్రక్కకు లాగును; నడుపువారు బెదరి చక్రమును ఎదురుదిక్కునకు త్రిప్పుదురు; ఎత్తైన బండి బోర్లపడును. టెక్సాసు, ఫ్లారిడా, ఆరిజోనా, కాలిఫోర్నియావంటి ఉష్ణప్రాంతములందే ఈ ప్రమాదములు తఱచుగా జరుగుట ఇందువలననే.

దీనిని మొదట పసిగట్టినది ప్రభుత్వముకాదు. ఒక భీమాసంస్థయందలి పరిశోధకుడు తనకడకు వచ్చిన నష్టపరిహారపు కాగితములలో ఒకేజాతి టైర్లు మరలమరల కనబడుటజూచి 1998లోనే 21 సంఘటనములను శాఖకు తెలియజేసెను. శాఖ కదలలేదు. 1999లో గల్ఫుదేశములందు ఫోర్డువారు ఆ టైర్లను మార్చియిచ్చిరి. స్వదేశములో మాత్రము నోరు మెదపలేదు. 2000 ఫిబ్రవరిలో హ్యూస్టను నగరమందలి ఒక టెలివిజనువారు ఈ మరణములనుగూర్చి కథనమును ప్రసారముచేయగా, చూచినవారందఱును శాఖకు వ్రాయసాగిరి. మేనెలలో విచారణ మొదలైనది. 2000 ఆగస్టు 9వ తేదీన ఫైర్‌స్టోనువారు ఏ.టి.ఎక్స్., వైల్డర్‌నెస్ ఏ.టి. అను రకములను వెనుకకు పిలిచిరి. తయారైనవి 1 కోటి 44 లక్షలు. నాటికింకను తిరుగుచున్నవి 65 లక్షలని అంచనా. మఱునాటియేడు ఫోర్డువారు తాముగా మఱి 1 కోటి 30 లక్షల టైర్లను మార్చుదుమని ప్రకటించిరి. ఆ టైర్లకు సంబంధించినవని శాఖవారు లెక్కవేసిన మరణములు 271.

అప్పుడు రెండుసంస్థలును ఒకరిపై నొకరు నేరముమోపుకొనిరి. టైర్లదే తప్పని ఫోర్డువారు. బండిదే తప్పని వీరు. ఇందొక విచిత్రమున్నది. హెన్రీఫోర్డుగారి మనుమడగు విలియం క్లే ఫోర్డుగారికి హార్వే ఫైర్‌స్టోనుగారి మనుమరాలగు మార్తాగారినిచ్చి 1947లో వివాహము చేసిరి. ఆ దంపతుల కుమారుడే ఈ తగవు చెలరేగినప్పుడు ఫోర్డుసంస్థకు అధ్యక్షుడు. ఫైర్‌స్టోను సంస్థ 1988లోనే జపానుదేశపు బ్రిడ్జిస్టోనువారి చేతికి పోయియున్నను, పూర్వపు వియ్యపుమర్యాద కొంత నిలిచియుండెను. 2001 మేనెలలో ఫైర్‌స్టోనువారు ఫోర్డువారికి టైర్లమ్ముట మానుకొనుటతో తొంబదియేండ్లు దాటిన ఆ సంబంధము తెగిపోయినది. ఎక్స్‌ప్లోరరును గూడ విచారింపుడని వారుపెట్టుకొన్న మనవిని శాఖ 2002లో త్రోసిపుచ్చినది. టైరుకు శిక్షపడినది, బండికి పడలేదు. నామట్టుకు నాకు 26 పౌండ్లనిర్ణయము నిరపరాధమని తోచదు.

యేటినిబట్టి పోల్చువారికి పనికివచ్చు సంగతి మఱియొకటి ఈ కథయందే కలదు. దోషముగల టైర్లలో అధికభాగము ఇల్లినాయి రాష్ట్రమందలి డికేటరు కర్మాగారములో పుట్టినవి. 1994 మొదలు 1996 వఱకు అక్కడ పనివారికిని యజమానులకును పెద్దతగవు నడచినది. పాతపనివారిని తొలగించి క్రొత్తవారిని తెచ్చి టైర్లు చేయించిరి. ఆ కలహకాలమున ఆ కర్మాగారమున చేసిన టైర్లే ఎక్కువగా చెడినవని క్రూగరు, మాసు అను అర్థశాస్త్రజ్ఞులు 2004లో లెక్కలతో చూపిరి. కావున 1995 మోడలు బండి యనినంతమాత్రమున చాలదు. ఎక్కడ చేసినదో, ఏనెలలో చేసినదో గూడ చూడవలెను. నడుపువారి తలుపు తెఱచినప్పుడు ఎదురుపడు అంచుపైనున్న చీటీమీద తయారైన నెలయు, సంవత్సరమును వ్రాయబడియుండును.

ఈ కాలపుబండ్లకు వేఱొక గండముగూడ పట్టినది. వేగమును ఒకేరీతిగా నిలుపు సాధనమును బ్రేకు నొక్కినప్పుడు ఆపుటకై ఒక చిన్నమీట యుండును. ఇంజను ఆపినను దానికి విద్యుత్తు పాఱుచునే యుండెను. బ్రేకుద్రవము లోపలి పొరగుండ కారి, మీటను తినివేసి, నిప్పు రగులుకొనెడిది. నడుచుచున్న బండి అంటుకొనుట యొక విధము. రాత్రి ఇంటికానుకొనియున్న కొట్టములో నిలిపిన బండి అంటుకొని, లోపల నిద్రించువారితో ఇల్లు తగులబడుట వేఱొక విధము. ఆ కొట్టమునకు పైగది పిల్లల పడకగది యగుట ఆదేశమున సాధారణము. పెక్కుమార్లు విడతలుగా సాగిన ఈ రీకాళ్లలో 1 కోటి 40 లక్షలకు పైగా ఫోర్డుబండ్లు చేరినవి. 1995 మొదలు 2002 వఱకుగల ఎక్స్‌ప్లోరర్లు 2009 అక్టోబరునాటి విడతలో వచ్చినవి. ఒకదోషమునకు పదియేండ్లు విడతలేమిటని అడుగవచ్చును. ప్రతివిడతకును మిగిలినబండ్లు క్షేమకరములనియే కొన్నవారు నమ్మియుండిరిగదా.

2002 మోడలుతో బండి స్వరూపము మాఱినది. చక్రములనడిమి వెడల్పు రెండున్నర అంగుళములు పెరిగినది; వెనుకచక్రములు దేనికదియే కదలునట్లు చేయబడినవి. అయినను రెండుతలుపుల ఎక్స్‌ప్లోరరు స్పోర్టు 2003 వఱకు పాతచట్రముమీదనే వచ్చినదని మఱువరాదు. 2005 మోడలు మొదలు, బండి జాఱునప్పుడు యంత్రమే ఒక్కొక్కచక్రమునకు వేఱుగా బ్రేకువేసి పొర్లకుండ కాపాడు సాధనము ఎక్స్‌ప్లోరర్లన్నిటికిని అమర్చబడినది. ప్రభుత్వము దీనిని చిన్నబండ్లన్నిటికి నిర్బంధముచేసినది 2012 మోడలు నాటికి. ఈ తరమందు వేగములు మార్చుపెట్టెను గూర్చియు, వెనుకతలుపు అద్దముక్రింది పలక పగులుటను గూర్చియు ఫిర్యాదులు విస్తారము. కాని అవి సంచికి చిల్లులేగాని ప్రాణమునకు చేటు తెచ్చునవి తక్కువ. 2006 మొదలు 2010 వఱకుగల బండ్లనుగూర్చి చెప్పదగిన విశేషము కొంచెమే.

2011లో చట్రము తీసివేసి, మామూలుకారువలె ఒంటికట్టడముగా చేసిరి. ఇచ్చటినుండియే ఫిర్యాదుల చరిత్ర విచిత్రమైనది. బండిలో కూర్చుండగా పొగగొట్టపువాసన వచ్చుచున్నదని, తలనొప్పి, వికారము కలుగుచున్నవని వేలకొలది జనులు వ్రాసిరి. చల్లగాలియంత్రమును లోపలిగాలినే త్రిప్పునట్లు పెట్టి, గట్టిగా త్రొక్కి వేగము పెంచునప్పుడు వాసన అధికమనిరి. కార్బను మోనాక్సైడు అను వాయువునకు రంగులేదు, వాసనలేదు. అది నెత్తురులోనికి చేరి ప్రాణవాయువు నిలువవలసిన చోటును ఆక్రమించును. మనకు తగులునది తక్కిన పొగలవాసన. దానితోగూడ ఇదియు లోనికి వచ్చునేమో యనునదియే భయము. వెనుకపీఠములందు నిదురపోవు పసిబిడ్డ తలనొప్పియని చెప్పజాలదు.

2016 జూలైలో శాఖవారు విచారణ మొదలిడిరి. 2017లో ఆస్టిను నగరపు పోలీసువారు తమ ఎక్స్‌ప్లోరర్లను సుమారు 400 ఒక్కుమ్మడి మూలపెట్టిరి. ఫోర్డువారు రీకాలు చేయలేదు. సాధారణజనుల బండ్లు క్షేమముగానే యున్నవని చెప్పుచు, కోరినవారికి వెనుకభాగపు అతుకులను మూసి, చల్లగాలియంత్రపు ఏర్పాటును మార్చి 2018 చివరవఱకు మూల్యము లేక బాగుచేసిరి. ఆరేండ్లు పైగా సాగిన విచారణ, ఆరువేలకు మించిన ఫిర్యాదులు, పదునాలుగులక్షలకు మించిన బండ్లు. తుదకు 2023 జనవరిలో శాఖవారు రీకాలు అక్కఱలేదని విచారణను ముగించిరి.

ఐనచో ఆరువేలమందియు భ్రమపడిరా? తీర్పును తుదివఱకు చదివినవారికి సమాధానము దొరకును. మోనాక్సైడు ఎక్కువగా కనబడిన బండ్లు రెండువిధములు. దీపములు, తీగెలు అమర్చుటకై రంధ్రములు పొడిచి సరిగా మూయని పోలీసుబండ్లు ఒకవిధము. పూర్వము వెనుకనుండి గ్రుద్దబడి, పైకి బాగుచేయబడి, అతుకులు సరిగా మూతపడని బండ్లు రెండవవిధము. ఆ రెండును చివరకు వాడినబండ్ల అంగడికే వచ్చును. క్రొత్తగా కొన్నవానికి ఈతీర్పు ఊరట. వాడినది కొనువానికి ఇది హెచ్చరిక. 2011 మొదలు 2017 వఱకుగల ఎక్స్‌ప్లోరరును చూడబోయినప్పుడు వెనుకతలుపు చుట్టునున్న రబ్బరుపట్టీ నలిగినదా, వెనుకవైపు రంగు తక్కినరంగుతో కలియుచున్నదా, నేలక్రింద క్రొత్తఅతుకు లేవైన నున్నవా చూడవలెను. లోపలకప్పుమీద, ఎదుటిపలకమీద పూడ్చిన రంధ్రములున్నచో అది మునుపు పోలీసుబండియైయుండును. కొన్నతరువాత నలుబదిడాలరులలో దొరకు మోనాక్సైడు గుర్తించు సాధనము నొకదానిని బండిలో పెట్టుకొనుట వ్యర్థవ్యయమని నేననను.

ఈ తరమునకే వెనుకచక్రముల దిశను నిలుపు ఒక ఉక్కుకడ్డీ విఱుగు దోషముండుటచేత, 2019లో 2011–2017 బండ్లు సుమారు 12 లక్షలు, మరల 2021లో 2013–2017 బండ్లు 7 లక్షల 74 వేలకు పైగా వెనుకకు పిలువబడినవి. శీతదేశములందు మంచు కరుగుటకై రోడ్లపై చల్లెడు ఉప్పు రెండవదానికి ముఖ్యకారణము. కావున టెక్సాసులో తిరిగినబండియు మిషిగనులో తిరిగినబండియు ఒకే యేటివైనను ఒకటికావు. 2024 జనవరిలో 2011–2019 బండ్లు ఇంచుమించు 19 లక్షలు, ముందుఅద్దము ప్రక్కనుండు పలక ఊడి వెనుకవచ్చువారికి తగులునేమోయని రీకాలు చేయబడినవి. సంఖ్య పెద్దది, దోషము స్వల్పము, మందు కొంచెము జిగురు. రీకాళ్ల సంఖ్యనుగాని, వానియందలి బండ్ల సంఖ్యనుగాని చూచి బెదరుట తగదనుట కింతకంటె నిదర్శనమేల?

2020 మోడలుతో మరల క్రొత్తకట్టడము; మరల చిక్కులు. వెనుకయిరుసును పట్టియుంచు మఱమేకు విఱుగవచ్చునని 2022 ఏప్రిలులో 2020–2022 బండ్లు 2 లక్షల 52 వేలకు పైగా పిలువబడినవి. అది విఱిగినచో నిలిపిన బండియే దొరలిపోవును. ఫోర్డువారు చేసిన చికిత్స ఏమనగా, మేకును మార్చుటకాదు. విఱిగినప్పుడు నిలుపుబ్రేకు తనంతతానే పడునట్లు యంత్రపుబుద్ధిని సవరించుట. దారిలో పోవుచుండగా బ్రేకు పడుచున్నదని జనులు మొఱపెట్టుకొనగా 2023 జూన్‌లో శాఖవారు ఈ చికిత్సనే విచారణకు గైకొనిరి. అదే సంవత్సరము అక్టోబరులో 2 లక్షల 38 వేల బండ్లను మరల పిలిచి, ఇరుసుభాగములను మార్చసాగిరి. కావున అమ్మువాడు రీకాలు పని అయినదమ్మా అని చెప్పినచో, మొదటిదా, రెండవదా అని అడుగవలెను. వెనుకకు నడుపునప్పుడు దారిచూపు కెమెరాల విషయమున రీకాలు ఆలసించినందుకు 2024 నవంబరులో ఫోర్డువారికి 16 కోట్ల 50 లక్షల డాలరుల దండుగ విధింపబడినది. ఇంటిముందు ఆడుకొను పిల్లలున్న తల్లులకు ఆ కెమెరా ఎట్టి యవసరమో చెప్పనక్కఱలేదు.

ఇట్లు చూచినచో 1991, 2002, 2011, 2020 - బండి క్రొత్తరూపు దాల్చిన ప్రతితరముయొక్క మొదటియేండ్లలోనే తెలియని దోషములు బయటపడుట కనబడుచున్నది. తొలిచూలు గేదెవలె, క్రొత్తకట్టడపు మొదటియేడు గుణము తెలియరానిది. ఒకతరమున మూడవయేడో నాల్గవయేడో ఎన్నుకొనుట మేలని నా యభిప్రాయము. ఎక్స్‌ప్లోరర్లలో నాకు నచ్చినవి వెనుకకడ్డీపని పూర్తియైన 2018, 2019 మోడళ్లు. 2011–2017 నాటి కడ్డీకొఱకు చేసిన రీకాళ్లలో అవి చేరలేదు.

ఫిర్యాదుల సంఖ్యలను పోల్చుటలో ఒక మెలకువ యున్నది. ఒక యేటిబండ్లు నాలుగులక్షలు అమ్ముడుపోయి 800 ఫిర్యాదులు వచ్చినవనుకొందము. మఱియొకయేటివి లక్షయే అమ్ముడై 400 వచ్చినవనుకొందము. మొదటిదే చెడ్డదని తొందరపడరాదు. వేయింటికి లెక్కవేసిన మొదటిది రెండు, రెండవది నాలుగు. పదేండ్లు తిరిగిన బండిమీద రెండేండ్లు తిరిగిన బండికంటె ఫిర్యాదులెక్కువగుట సహజము. ఒక్కొక్కబండి మొదటి మూడేండ్లలో వచ్చినవానినే ప్రక్కప్రక్కనుంచి చూడవలెను. మఱియు వార్త పొక్కినవెంటనే ఫిర్యాదులు ఉప్పెనవలె వచ్చును. 2000లోను, 2017లోను జరిగినదదియే. రంగు వెలసిన దనునదియు, నడిరోడ్డున ఇంజను ఆగిన దనునదియు లెక్కలో ఒక్కొక్కటిగానే యుండును. అందుచేత సంఖ్యను విడిచి మాటలను చదువవలెను. నిప్పు, చక్రము త్రిప్పుట, బ్రేకు, ప్రయాణములో ఇంజను ఆగుట, గాయము అను మాటలు ఒకేవిధముగా ఇరువదిముప్పది ఫిర్యాదులలో కనబడినచో అక్కడ నిలిచి ఆలోచింపవలెను. ఓపికగా చదువుట మన ఆడువారికి క్రొత్తపనికాదు. పెండ్లిసంబంధములు వచ్చినప్పుడు ఎన్నియుత్తరములలోని మాటలమధ్య మాటలను మనము చదువలేదు?

ఫిర్యాదులు యేటినిగూర్చి చెప్పును. మన ముందున్న బండినిగూర్చి చెప్పవు. దానికి 17 అక్షరముల సంఖ్యయే ఆధారము. 2014 మొదలు ఆ సంఖ్యను శాఖవారి పట్టికలో వెదకినచో పనిజరుగని రీకాళ్లు బయటపడును. ఇదెందుకు ముఖ్యమనగా, రీకాలుపని మిగిలియున్న క్రొత్తబండిని అమ్ముట ఆదేశపు చట్టము నిషేధించినది. పెద్ద అద్దెబండ్లవారు అట్టిదానిని అద్దెకిచ్చుటను 2016 జూన్ మొదలు నిషేధించినది. వాడినబండిని అమ్ము వర్తకుని మాత్రము దేశమంతటికిని వర్తించు అట్టి నిషేధము కట్టివేయలేదు. రీకాలు కాని వాడినబండిని నిగనిగలాడునట్లు తుడిచి అమ్మవచ్చును. అడిగినచో బాగుచేయించి యిత్తురు, అడుగకున్నచో అడుగలేదందురు. మొదటికొనుగోలునుండి 15 యేండ్లవఱకు రీకాలుపని ఉచితముగా చేయవలెనని చట్టము గనుక, డబ్బు కారణముగా ఎవరును వెనుదీయనక్కఱలేదు.

మనదేశమునను ఈవిషయమై కొంత యేర్పాటు జరిగినది. 2012 మొదలు తయారీదారులు స్వచ్ఛందముగా రీకాళ్లు చేయుచుండగా, 2019 మోటారువాహనముల సవరణచట్టము ప్రభుత్వమునకే ఆజ్ఞాపించు అధికారమిచ్చినది. దాని నియమములు 2021 ఏప్రిలు 1 నుండి అమలైనవి. ఏడేండ్లలోపు వాహనములనుగూర్చి యజమానులు ప్రభుత్వపు వాహను పోర్టలులో ఫిర్యాదు చేయవచ్చును. అమ్మకపు సంఖ్యనుబట్టి నిర్ణయించిన మేరకు ఫిర్యాదులు చేరినచో విచారణ జరుగును. అనగా ఒక గృహిణి వ్రాయు నాలుగుపంక్తులకును లెక్కలో చోటున్నది. విజయవాడలోగాని హైదరాబాదులోగాని పాతబండి కొనువారు ఆర్.సి. పుస్తకమునందు తయారైన నెలను చూచి, ఆ నెలబండ్లకు రీకాలు వచ్చినదా అని ఆ సంస్థ అంగడిలోనే చాసిసు సంఖ్య చెప్పి అడుగవలెను. 2020 అక్టోబరులో హైదరాబాదునందును, 2024 సెప్టెంబరులో విజయవాడయందును వరదనీట మునిగిన బండ్లెన్నో యుండెను. వానిసంగతి ఏ ఫిర్యాదుల పట్టికయందును దొరకదు. పీఠముక్రింది తివాసీ నెత్తి, వ్రేలితో తడిమి, బురదవాసన చూచుకొనవలసినదే.

ఇక చివరిమాట. రీకాలు ఉత్తరములు బండి ఎవరిపేర నమోదైయున్నదో వారి చిరునామాకు పోవును. మూడుచేతులు మాఱిన బండికి ఉత్తరము మొదటియజమాని పాతయింటి తపాలాపెట్టెలో పడి యుండవచ్చును. కొన్నవెంటనే తమపేరును చిరునామానుగూడ తయారీసంస్థకు తెలుపవలెను. ఏటికి రెండుమార్లు బండిసంఖ్యను పట్టికలో వెదకవలెనని శాఖవారే చెప్పుదురు. మనకు ఉగాదియు, ఆయుధపూజయు జ్ఞాపకమునకు చాలును. ఆయుధపూజనాడు చక్రములక్రింద నిమ్మకాయలు పెట్టుటకు వంగినప్పుడే, టైరుప్రక్కన అచ్చొత్తియున్న చివరి నాలుగంకెలను గూడ చదువుకొనవచ్చును. 2319 అని యున్నచో ఆ టైరు 2019వ సంవత్సరమున 23వ వారములో పుట్టినదని అర్థము.